అనధికార జపనీసు

"మరో అయిదేళ్లలో నూజివీడు ప్రాంతంలో జపనీసు రాని మామిడిచెట్టు ఉండటానికి వీల్లేదు" అని మా మామిడి ఎగుమతి ప్రోత్సాహక సంఘం అధ్యక్షులు శ్రీ వీరభద్రరావుగారు 1963 జనవరిలో, తోటలన్నీ పూత మీద ఉండగా, బహిరంగ సభలో ప్రకటించారు. చెట్టు అన్నది నోరు జారిన మాటని గిట్టనివాళ్లు అంటారు. నేను ఒక దినపత్రికకు నూజివీడు విలేఖరిని. ఆ మాటను ఉన్నదున్నట్టు అచ్చు వేయించినవాణ్ణి. అధ్యక్షులవారు నోరు జారే మనిషి కారు. ఆయన ఒకసారి అన్న తరువాత, ఎలా నేర్చుకోవాలన్నది చెట్లు చూసుకోవలసిన విషయం.

సంగతేమిటంటే, టోక్యోలో ఒక పండ్ల వర్తకుల సంఘం వారు మన రసాల పేరు విని ఉత్తరం రాశారు. మీలో ఎవరికైనా మా భాష వస్తే వ్యాపారం సులువవుతుంది, కాబట్టి మీ తరఫున ఒక్కరికి మా ఖర్చుతో ఏడాదిపాటు శిక్షణ ఇస్తాం, ఈలోగా అలవాటు పడటానికి కొన్ని సినిమా రీళ్లూ, పాఠ్యపుస్తకాలూ పంపుతున్నాం అన్నారు. ఆ శిక్షణ పొంది వచ్చినవారికి విజయవాడలో ఎగుమతి ఆఫీసులో దుబాసీ ఉద్యోగం. కుర్చీ, బల్ల, నెత్తిమీద ఫ్యాను.

ఉన్నది ఒక్క సీటు. దాన్ని కేవలం ప్రతిభ మీద ఇస్తామని అధ్యక్షులవారు అదే సభలో ప్రకటించారు. పక్కనే కూర్చున్న ఆయన బావమరిది, సంఘం కార్యదర్శి ప్రభాకరరావుగారు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టారు. అధ్యక్షులవారి బావమరిది కావడం ఆయనకు ఊరికే వచ్చిన అర్హత కాదు. అక్కగారి పెళ్లిని దగ్గరుండి జరిపించి, కష్టపడి సంపాదించుకున్నది.

పాఠం చెప్పడానికి హిందీ పండితులు సత్యనారాయణమూర్తిగారిని నియమించారు.

"నాకు జపనీసు రాదండీ" అన్నారు ఆయన భయంభయంగా.

"హిందీ మాత్రం మావాళ్లకి వచ్చిందేంటండీ? పదేళ్లు చెప్పలేదూ మీరు! రాని భాష చెప్పడంలో మీకున్న అనుభవం ఇంకెవరికుందండీ?" అన్నారు అధ్యక్షులవారు.

తరగతిలో ముప్ఫైమంది చేరారు. అందులో ఇరవై ఎనిమిదిమంది కార్యవర్గ సభ్యుల రక్తసంబంధీకులు. ఇరవై తొమ్మిదో వ్యక్తి ప్రభాకరరావుగారు. ముప్ఫయ్యో మనిషి నాగమణి. అధ్యక్షులవారి తోట కాపలాదారు పోతురాజు కూతురు. ఎస్సెస్సెల్సీ ప్యాసయి, వేసవిలో గంపల్లో వరిగడ్డి పరిచి కాయలు సర్దే పనికీ, ఆ తరువాత పొలం పనులకీ వెళ్తూ ఉండేది. తరగతిలో ఒక స్త్రీ, ఒక కూలి కుటుంబీకులు తప్పనిసరిగా ఉండాలని పథకంలో రెండు గళ్లు ఉన్నాయి. రెండు గళ్లూ ఒకే మనిషితో నింపిన పొదుపరితనం మా సంఘానిది.

పాఠ్యపుస్తకాలు పిల్లల చేతుల్లో పడితే మాసిపోతాయని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఒకదానికి అట్ట చిరిగి ఉంది. అది బీరువాలో ఉంచదగినది కాదని నాగమణికి ఇచ్చేశారు.

శనివారం సాయంత్రాలు కాయల షెడ్డులో సినిమాలు వేసేవారు. తెర స్థానంలో అధ్యక్షులవారి పట్టుపంచె కట్టేవారు. అంచు ఒక పక్కన పడి, జపానువాళ్లంతా జరీ పక్కనుంచి నడిచి వచ్చేవారు. పండితులు ఒక కర్ర పట్టుకొని నిలబడి, బొమ్మ బొమ్మకీ వ్యాఖ్యానం చెప్పేవారు. మొదటి శనివారం ఒక ముసలమ్మ పొయ్యి ముందు కూర్చొని చాలాసేపు ఏదో అంది.

"పాపం, ఆ తల్లి కొడుకుని తలచుకొని దుఃఖిస్తోంది. కొడుకు సైన్యంలో ఉన్నాడు" అన్నారు పండితులు. షెడ్డులో ఉన్న ఆడవాళ్లంతా కళ్లొత్తుకున్నారు.

వెనక నుంచి పోతురాజు లేచాడు. "ఏమీ అనుకోకండి పంతులుగారూ. బియ్యంలో రాళ్లున్నాయని కోడల్ని తిడతందండి ఆవిడ."

తెర మీద కోడలు చేట తెచ్చి బియ్యం చెరగడం మొదలుపెట్టింది.

విచారిస్తే తేలిందేమిటంటే, యుద్ధం రోజుల్లో పోతురాజు రంగూన్‌లో రైసుమిల్లు కూలీగా మూడేళ్లు జపాను దొరల కింద పనిచేశాడు. "ముందు తిట్లొచ్చాయండి, ఆ తర్వాత మాటలొచ్చాయి" అన్నాడు. ఈ విషయం నేను అధ్యక్షులవారికి చెప్పాను. ఆయన తొందరపడే మనిషి కారు.

"వాడు ఎస్సెస్సెల్సీ ప్యాసయ్యాడా?" అని అడిగారు.

"లేదండి. వేలిముద్ర."

"మరి ఆ వచ్చింది అనధికార జపనీసు. మన పథకంలో దానికి చోటు లేదు" అన్నారు. అయినా ఆయనది జాలిగుండె. సినిమా జరిగేటప్పుడు నోరు మూసుకునే షరతు మీద పోతురాజును షెడ్డులోకి రానిచ్చారు.

పోతురాజు షెడ్డులో మూసుకున్న నోరు ఇంటికి వెళ్లి తెరిచేవాడు. నాగమణి అట్ట చిరిగిన పుస్తకంలో అక్షరాలు చూసుకొని తండ్రిని అడిగేది, తండ్రి మాట చెప్పేవాడు, ఆమె గంపలకు కట్టే చీటీల వెనక రాసుకొనేది. పండితులు కూడా సిగ్గు విడిచి, సందు చివర వాళ్ల గుడిసెకు వెళ్లి నేర్చుకొనేవారు. మిగతావాళ్లలో ప్రభాకరరావుగారి అభివృద్ధి మాత్రమే చెప్పుకోదగ్గది. పదహారు నెలల్లో పాతిక సినిమాలు చూసి, జపానువాళ్లలాగా నడుము వంచి నమస్కారం పెట్టడం ఆయన క్షుణ్ణంగా నేర్చారు.

1964 మే నెలలో ఆ టోక్యో సంఘం నుంచి ఒకామురాగారనే పెద్దమనిషి తోటలు చూడటానికి వచ్చారు. ముసునూరు దారిలో ఉన్న అధ్యక్షులవారి తోటలో షామియానా వేశాం. దుబాసీగా ప్రభాకరరావుగారు ముందుకు వెళ్లి నడుము వంచారు. ఒకామురాగారూ వంచారు. మనవారు మరికాస్త వంచారు. ఆయనా మరికాస్త వంచారు. సుమారు పది నిమిషాలు ఇద్దరి ముఖాలూ మాకెవరికీ కనపడలేదు.

తరువాత ఒకామురాగారు చెమటలు కక్కుతూ ఏదో అన్నారు.

"మన అధ్యక్షులవారి సేవలను కొనియాడుతున్నారు" అని ప్రభాకరరావుగారు అనువదించారు. చప్పట్లు మోగాయి.

నాగమణి గంపలు వదిలి లేచి, కుండలోంచి చెంబుడు మంచినీళ్లు తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన గటగటా తాగి, ఇంకో చెంబు అడిగారు. చప్పట్లు కొట్టినవాళ్లం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాం.

ఆ తరువాత వెండి పళ్లెంలో చిన్న రసాలు, పక్కన చాకూ, ఫోర్కూ పెట్టారు. ఒకామురాగారు చాకుతో కాయను కోయబోతే రసం చిమ్మి తెల్ల చొక్కా పసుపురంగుకు మారింది. నాగమణి ఆగలేకపోయింది. ఒక పండు తీసుకొని, చేతులతో మెత్తగా పిసికి, ముచ్చిక తుంచి, సొన చుక్క పిండేసి, ఇలా పీల్చాలని ఆయన భాషలో చెప్పింది. ఆయన ఆమె ముఖం వంక తెల్లబోయి చూశారు. తరువాత పండు పీల్చారు. అయిదు పళ్లు వరుసగా పీల్చారు. మోచేతుల దాకా రసం కారుతుంటే నవ్వుతూ గంటసేపు ఆమెను ప్రశ్నలు అడిగారు. కాయ ఎప్పుడు కోస్తారు, గడ్డి ఎంత మందం వేస్తారు, ఎన్నాళ్లు నిలుస్తుంది. ఆమె అన్నిటికీ చెప్పింది. రాని మాట దగ్గర తండ్రి వైపు చూసేది. పోతురాజు నోరు మూసుకునే షరతు గుర్తుండి, అధ్యక్షులవారి వైపు చూసేవాడు.

"ఏంటంటున్నాడు?" అన్నారు అధ్యక్షులవారు చివరికి.

"ఇక్కడ మా భాష ఎంతమందికి వచ్చని అడుగుతున్నారండి."

"అందరికీ వచ్చని చెప్పు. ఇకమీదట ఇంగ్లీషులో ఉత్తరాలు రాసి మమ్మల్ని అవమానించొద్దను. జపనీసులోనే రాయమను."

నాగమణి చెప్పింది. ఒకామురాగారు నడుము వంచారు.

మర్నాడే ఎంపిక సంఘం సమావేశమయింది. పత్రికల తరఫున నేనూ హాజరయ్యాను. ముందు ప్రభాకరరావుగారిని పిలిచారు.

"మీకు జపనీసు వచ్చునా?"

"రాదండి."

"ఒక్క మాటయినా?"

"దేవుడి మీద ప్రమాణం చేస్తానండి. ఒక్కటి రాదు."

"అయితే మీకు శిక్షణ అవసరం ఎంతమటుకు ఉంది?"

"పూర్తిగా ఉందండి."

తరువాత నాగమణి.

"నీకు జపనీసు వచ్చా అమ్మా?"

"వచ్చండి."

"మరి వచ్చిందాన్ని నేర్చుకోడానికి అంత దూరం ఎందుకమ్మా?"

"చదవటం పూర్తిగా రాలేదండి. పెద్ద అక్షరాలయితేనే చదవగలను. ఇంకా నేర్చుకోవాలండి."

"ఇందాక వచ్చన్నావు, ఇప్పుడు రాదంటున్నావు. మాట మీద నిలకడ లేదు" అని అధ్యక్షులవారు విచారించారు. వచ్చినవాళ్లకు మళ్లీ నేర్పించడం అతిథుల ధనాన్ని దుర్వినియోగం చేయడమేనని తీర్మానించి, ప్రతిభ ప్రాతిపదిక మీద ప్రభాకరరావుగారిని ఎంపిక చేశారు. జూన్ నెలాఖరున హనుమాన్ జంక్షన్ దాకా మేళంతో సాగనంపాం. దండల మధ్య ఆయన కళ్లు మాత్రమే కనిపించాయి.

తిరిగి వస్తుంటే నాగమణి కాలవ గట్టు మీద కనిపించింది. ఏమమ్మా అన్నాను. "ఆ ఉద్యోగం వస్తే నాన్న చేత కాపలా మానిపిద్దామనుకున్నానండి. చీకటి పడితే ఆయనకి చూపు ఆనట్లేదు. దొంగెవరో, దొర ఎవరో పోల్చుకోలేకపోతున్నాడు" అంది. నాకు చాలా బాధ కలిగింది. ఆ రాత్రి ప్రభాకరరావుగారి ప్రయాణ విశేషాలు రెండు పేజీలు రాసి పత్రికకు పంపాను.

నవంబరులో టోక్యో నుంచి ఒకామురాగారి ఉత్తరం వచ్చింది. అధ్యక్షులవారి కోరిక ప్రకారం ఆసాంతం జపనీసులోనే ఉంది. చిన్నపిల్లలకు రాసినట్టు అక్షరాలు ఒక్కొక్కటీ రేగుపండంత. కార్యవర్గం దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, వరికోతలో ఉన్న నాగమణిని పిలిపించింది. ఆమె కొడవలి గడప దగ్గర పెట్టి వచ్చి, చదివి, తెలుగులో ఒక కాగితం మీద రాసి, పైకి వినిపించింది.

"ప్రభాకరరావుగారు చాలా మంచివారు. నాలుగు నెలలుగా ఏది అడిగినా నమస్కారం పెడుతున్నారు. ఆయనకు మేము నేర్పగలిగినది ఏమీ లేదు. నాకు రసం పీల్చడం నేర్పిన అమ్మాయికి ఈ సీటు ఇవ్వాలని మా కోరిక. ఈ డిసెంబరు నెలాఖరులోగా ఆమె పేరు ఖరారు చేసి రాయండి. లేకపోతే ఈ సీటు ఇంకో దేశానికి ఇచ్చేస్తాము."

కార్యవర్గమంతా అధ్యక్షులవారి వైపు తిరిగింది.

"తన సీటు సంగతి తనే చదువుకుంటే ఎలాగమ్మా? ఇందులో అలాగే ఉందని నమ్మకమేంటి?" అన్నారు అధ్యక్షులవారు.

"నాకూ అలాగే కనపడుతోందండీ" అన్నారు పండితులు లేచి నిలబడి. నేను ఎరిగి ఆయన చేసిన సాహసం అదొక్కటే.

"మీరు హిందీ. కూర్చోండి."

పోతురాజు సాక్ష్యం అనధికారం, పైగా కన్నతండ్రి. కాబట్టి ఈ అనువాదాన్ని జపనీసులో అధికారికంగా శిక్షణ పొందుతున్న ఏకైక వ్యక్తి సరిచూడాలని తీర్మానమయింది. అసలు ఉత్తరమూ, నాగమణి రాసిన కాగితమూ కలిపి, టోక్యోలో ఉన్న ప్రభాకరరావుగారికి ఎయిర్ మెయిల్లో పంపించారు.

"అయిపోయిందండి. ఎవరన్నా తన పేరు తనే కొట్టేసుకుంటారా?" అంది నాగమణి బయటికి వచ్చాక. కొడవలి తీసుకొని చేలోకి వెళ్లిపోయింది. ఆ నెల రోజులూ పోస్టుమాన్ కనపడ్డప్పుడల్లా పోతురాజు ఎదురెళ్లి అడిగేవాడు. అధ్యక్షులవారు మాత్రం నిశ్చింతగా నిద్రపోయేవారు.

డిసెంబరు ఇరవై ఏడున కవరు తిరిగి వచ్చింది. నాగమణి కాగితం కింద ఎర్ర సిరాతో "సరిచూడబడినది. అంతయు సక్రమముగా ఉన్నది" అని రాసి, సంతకం, తేదీ, దాని మీద మా సంఘం రబ్బరుస్టాంపు. ఆరు నెలల నుంచి ఆఫీసంతా వెతుకుతున్న స్టాంపు ఎక్కడుందో ఆ రోజే తెలిసింది. వెంట ఒక చీటీ: "బావా, పని వెంటనే పూర్తిచేసి పంపాను. ఆవకాయ అయిపోయింది."

"కాదనేద్దామా అండీ?" అన్నాడు ఒక సభ్యుడు మెల్లగా.

అధ్యక్షులవారు ఆ రబ్బరుస్టాంపు వైపు చూశారు. "ఎలా కాదంటావయ్యా? కాదంటే ప్రభాకరానికి జపనీసు రాదన్నట్టవుతుంది" అన్నారు.

తీర్మానం ఏకగ్రీవం. "ఆడపిల్లని అంత దూరం పంపిస్తావా?" అని ఎవరో పోతురాజును అడిగితే, "నేను రంగూన్ పోలేదా అండీ. నన్ను పరీక్ష పెట్టి మరీ తీసుకెళ్లినోడు లేడు. మా పిల్లని కోరి పిలిచారు" అన్నాడు. ఈసారి మేళం లేదు. కాయల షెడ్డు ఆడవాళ్లు మాత్రం జంక్షన్ దాకా బస్సులో వచ్చి, ఆమె బస్సు మారేదాకా ఆమెకు మాట్లాడే సందు ఇవ్వలేదు. నేను పత్రికకు అధ్యక్షులవారి దూరదృష్టిని గురించి రాశాను.

పదిహేను రోజులకు నాగమణి దగ్గర నుంచి తండ్రికి మొదటి ఉత్తరం వచ్చింది. పండితులు మా అందరి ఎదుటా పైకి చదివారు. విమానం దిగానని, చలి ఎక్కువగా ఉందని, గది బాగుందని, ఒకామురాగారి భార్య తనకు ఒక ఉన్ని కోటు ఇచ్చారని రాసింది. విమానాశ్రయానికి ప్రభాకరరావుగారు పూలదండ పట్టుకొని వచ్చారట. మన ఊరి పిల్లను చూసి చాలా సంతోషించి, దండ వేసి, పెట్టె అందుకొని, "ఎవరి బదులొచ్చావమ్మా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగారట.