క్లిఫర్డ్ ఆర్మరాడ్ పర్లేదు వ్రతభంగం

నవంబరు నెల, మంగళవారం, ఉదయం పదిన్నర. ఉత్తర ఇంగ్లండులోని హార్బెక్ పట్టణంలో, మూసేసిన నూలుమిల్లు వెనక వీధిలో, డెబ్బై రెండేళ్ల క్లిఫర్డ్ ఆర్మరాడ్ జీవితంలో మొదటిసారి ఒక ఫిర్యాదు చేశాడు.

ఆ సమయమున సూర్యభగవానుడు, ఆ పురమందు తనకు అలవాటైన రీతిని, మేఘముల వెనుకనే ఉండెను. వాన కురియుచుండెను.

ఊరి ఇత్తడి బాకాల బృందంలో నలభై ఏళ్లు పెద్దబాకా ఊదినవాడు, ఇంటికప్పు కారిననాడు పర్లేదన్నవాడు, పార్కిన్సన్స్ వణుకు చేతులకెక్కి చొక్కాగుండీలు శత్రుదుర్గాలై నిలిచిననాడు పర్లేదన్నవాడు, భార్య డోరీన్ అంత్యక్రియలనాడు పలకరించిన ప్రతివారికీ పర్లేదన్నవాడు, ఆ బాకానాదధురంధరుడు, ఆ పర్లేదువ్రతదీక్షాపరుడు, ఆనాడు నోరు విప్పి కష్టంగా ఉందన్నాడు.

కారణం ఇది. స్నానానికీ బట్టలకూ సాయం చేయడానికి కౌన్సిలు పంపే మనిషి రెండు పూటలా వస్తుంది. అందుకు క్లిఫర్డ్ తన వంతు ఎంత కట్టాలో కౌన్సిలే లెక్క కడుతుంది. జబ్బువల్ల అయ్యే ఖర్చులను ముందు ఆయన ఆదాయంలోంచి మినహాయిస్తుంది. సెప్టెంబరులో ఆ లెక్క కట్టే నేలర్ అనే ఉద్యోగి ఫోను చేశాడు. చలికి ఇబ్బందా అని అడిగాడు. పర్లేదన్నాడు క్లిఫర్డ్. బస్సెక్కగలరా అని అడిగాడు. ఎక్కుతానండి, పర్లేదన్నాడు. ఫోను పెట్టేసేసరికి ఆయన జబ్బు కాగితం మీద నయమైపోయింది.

వారంవారం కట్టాల్సింది పెరిగింది. ఆ పెరుగుదల గురువారం టాక్సీని మింగింది. గురువారం సాయంత్రం బృందం సాధన చేస్తుంది. క్లిఫర్డ్ ఇప్పుడు ఊదలేడు. హీటరు పక్క కుర్చీలో కూర్చుని వింటాడు. వారంలో ఆయన గడప దాటేది ఆ ఒక్కసారే.

సంగతి కూతురు గ్లెనిస్‌కు తెలిసింది. ఆమె బడి వంటశాలలో వడ్డించే మనిషి. గరిటెతో మూడువందల మంది పిల్లలను వరసలో నిలబెట్టగల వీరనారి.

"నాన్నా, బస్సెక్కుతానని చెప్పావా?"

"మర్యాదకి అడిగాడనుకున్నానే. బాగున్నారా అంటే ఏం చెప్తాం?"

"బాగాలేదని చెప్తాం."

"ముక్కూమొహం తెలీనివాడితోనా?"

గ్లెనిస్ పునఃపరిశీలన కోరింది. నేలర్ ఇంటికే వస్తానన్నాడు. అంతకుముందు శని, ఆదివారాల్లో ఆమె తండ్రికి యుద్ధవిద్య నేర్పింది. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, నేలర్ ప్రశ్నలు తాను అడిగింది. పర్లేదన్న ప్రతిసారీ ఆయన పళ్లెంలోంచి ఒక బిస్కెట్టు తీసేసింది. ఆదివారం సాయంత్రానికి పళ్లెం ఖాళీ అయింది. ఫిర్యాదు పుట్టలేదు.

మంగళవారం నేలర్ వచ్చాడు. లాప్‌టాప్ అనే ఆయుధాన్ని వానకోటు కింద దాచి తెచ్చాడు. కోటు విప్పుతూ ఎలా ఉన్నారని అడిగాడు.

"పర్లేదు బాబూ," అన్నాడు క్లిఫర్డ్.

గ్లెనిస్ బిస్కెట్ల డబ్బా మూత పెట్టింది.

ప్రశ్నలు సాగాయి. చివరికి బస్సు దగ్గరికి వచ్చాయి. అప్పుడు, కౌరవసేనను చూసి గాండీవం జారవిడిచిన అర్జునునివలె చేతులు ఒళ్లో వేసుకుని, డోరీన్ ఫొటో వైపు ఒకసారి, మూత పెట్టిన డబ్బా వైపు ఒకసారి చూసి, ఏడు దశాబ్దాలుగా తన పూర్వీకుల పక్షాన కాపాడుకొచ్చిన మౌనదుర్గం తలుపు తానే తీసి, క్లిఫర్డ్ పలికాడు.

"ఎక్కలేను. మెట్టు మీద కాలు నిలవదు. రెండేళ్లయింది. వెనకాల జనం ఆగిపోతారు, ఎవరూ ఏమీ అనరు. ఏదన్నా అంటే బాగుండు. కష్టంగా ఉంది నాకు. గురువారం కూడా పోతే ఇంక నాకేం లేదు."

వెంటనే నేలర్‌కు క్షమాపణ చెప్పాడు. తప్పు తనదేనంటూ నేలర్ క్షమాపణ చెప్పాడు. అందులో మీ తప్పేముందంటూ క్లిఫర్డ్ మళ్లీ క్షమాపణ చెప్పాడు. ఈ ద్వంద్వయుద్ధంలో ఎవరూ ఓడలేదు. గ్లెనిస్ టీ పోసి ఆపి, గురువారం టాక్సీ సంగతి చెప్పింది.

"మరి తిరిగి వచ్చేటప్పుడు కూడా టాక్సీయేనా సార్?" అని అడిగాడు నేలర్.

గ్లెనిస్ దగ్గింది.

"లేదు బాబూ. డోలు వాయించే స్టాన్లీ వ్యానులో దింపుతాడు," అన్నాడు సత్యసంధుడు.

నేలర్ అదీ రాసుకున్నాడు.

మరుసటి వారం నిర్ణయం వచ్చింది. వెళ్లే టాక్సీ జబ్బు ఖర్చే. వారానికి నాలుగు పౌన్ల ఎనభై పెన్నీలు మినహాయింపు. తిరుగు టాక్సీకి లేదు. దగ్గాను కదా నాన్నా అంది గ్లెనిస్. జలుబనుకున్నానన్నాడు తండ్రి.

ఇట్లు ఆర్మరాడ్ వంశవర్ధనుడు కౌన్సిలును ఒకవైపు ప్రయాణమందు జయించెను.

ఆ గురువారం ఏడింటికి టాక్సీ సాధనశాల ముందు ఆగింది. క్లిఫర్డ్ దిగి, హీటరు పక్క కుర్చీలో కూర్చున్నాడు. బృందనాయకుడి భార్య బెరిల్ టీ ఇచ్చి, ఎలా ఉందని మామూలుగా అడిగింది.

"టీ చల్లారిపోయిందమ్మా," అన్నాడు.

బాకాలు ఆగాయి. బెరిల్ కప్పు వెనక్కి తీసుకెళ్లి ఇంకోటి పోసి స్టాన్లీ చేతికిచ్చింది. రెండో కప్పు వేడిగానే ఉందని, దాన్ని అందించిన స్టాన్లీ ధ్రువీకరించాడు.