ఆల్చిదే జేబురుమాలు

సెయింట్ స్టీఫెన్ పండగనాటి పొద్దున దీర్చే వేసుకున్న పథకం చాలా చిన్నది. ముందురోజు క్రిస్మస్‌కి వండగా మిగిలిన కోడి రసంలో మాంసం కూరిన పిండిబిళ్ళలు ఉడికించి మొగుడికి పెట్టడం, ఆయన నల్లకోటు ఇస్త్రీ చేయడం, సాయంత్రం ఆయన్ని ఒపేరాకి సాగనంపి వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం.

తొమ్మిదన్నా కాకముందే ఆ పథకం నిచ్చెన మీంచి కిందపడింది. దాంతోపాటు మొగుడు ఆల్చిదే కూడా.

కాస్తెల్‌మోర్నా బజారులో ఆల్చిదేది ఉప్పుపట్టించి నెలల తరబడి ఆరబెట్టే పంది తొడల కొట్టు. దూలాలకు వేలాడే తొడల్ని ఎముక సూదితో గుచ్చి, వాసన చూసి, ఏది తయారైందో ఏది కాలేదో చెప్పడంలో ఆయన ముక్కుకు జిల్లా అంతా పేరుంది. పండగపూట కూడా ఒక తొడ సంగతి తేల్చుకోవాలని నిచ్చెన ఎక్కాడు. తొడ తయారు కాలేదు. మడమ మాత్రం విరిగింది. డాక్టరు వచ్చి మోకాలిదాకా పిండికట్టు వేసి, మంచం దిగొద్దని చెప్పి, ఫీజు కింద అదే తొడ భుజాన వేసుకుని పోయాడు.

ఆల్చిదే బాధ కాలిగురించి కాదు. ఆ రాత్రి ఒపేరా సీజన్ మొదలవుతోంది.

"టికెట్టు నా పక్కసీటు ఉలిస్సేకి ఇచ్చిరావే. వాడి బావమరిదిని కూర్చోబెడతాడు. ఆ సీటు ఖాళీగా ఉండకూడదు," అన్నాడు మంచంలోంచి.

"బావమరిది దేనికి? నేను లేనూ?"

పొయ్యిమీది కోడి లేచి టికెట్టు అడిగినట్టు చూశాడు ఆల్చిదే. "నువ్వా? ఒపేరా నీకు అర్థం కాదు."

ఈ మాట దీర్చే పెళ్ళయిన నాటినుంచీ వింటోంది. అడిగినప్పుడల్లా ఏదో ఒక సాకు. ఒక ఏడు కథ బరువన్నాడు. ఒక ఏడు మెట్లెక్కలేవన్నాడు. మిగతా ఏళ్ళన్నీ ఉక్క. గ్యాలరీలో రొట్టెల పొయ్యిలో ఉన్నట్టు ఉంటుందట. అందుకే ఆయన ఒపేరాకి వెళ్ళేటప్పుడు బారెడు జేబురుమాళ్ళు రెండు పట్టుకెళ్ళేవాడు. రెండూ పిండితే నీళ్ళు కారేలా తిరిగొచ్చేవి. ఉతికేది దీర్చే, ఇస్త్రీ చేసేది దీర్చే. వినేది మాత్రం ఆయన.

"ఇన్నేళ్ళు నీ చెమట ఉతికాను. ఒక్కసారి ఆ చెమటేదో నేనూ పట్టించుకుంటాను," అంది దీర్చే. "మొదటినుంచి చివరిదాకా ఒక్క ఒపేరా వింటాను. మధ్యలో లేచొస్తే మళ్ళీ జన్మలో అడగను. చివరిదాకా కూర్చుంటే మాత్రం, నాకు అర్థం కాదన్న మాట ఇంకెప్పుడూ నీ నోట్లోంచి రాకూడదు."

"పరువు తీస్తావే."

"తీస్తే తీస్తా. లేచి ఆపు చూద్దాం."

ఆల్చిదే పిండికట్టువంక చూసుకుని, ఓడిపోయి, షరతులు చెప్పాడు. దగ్గకూడదు. తినకూడదు. చప్పట్లు కొట్టకూడదు. ఎవరేమడిగినా అభిప్రాయం చెప్పకూడదు.

"ఏడుపొస్తే?"

కన్నతల్లి పోయిననాడు కూడా కళ్ళు తడవకుండా వచ్చినవాళ్ళందరికీ వండిపెట్టిన మనిషి ఆమె. "నీకెందుకొస్తుందిలే," అని ఆల్చిదే గోడవైపు తిరిగాడు.

ఉక్క అన్నాడు కదా అని దీర్చే పలచటి గౌను వేసుకుంది. ఇస్త్రీ చేసిన రుమాళ్ళు రెండూ సంచిలో పెట్టుకుంది.

కాస్తెల్‌మోర్నా థియేటర్లో కింద బాక్సుల్లో కూర్చునేవాళ్ళు నగలు చూపించుకోవడానికి వస్తారు. పైన చూరుకింద చెక్కబల్లల మీద కూర్చునేవాళ్ళు వినడానికి వస్తారు. గాయకులు వణికేది ఈ పైవాళ్ళకే. వీళ్ళు ఈలలు వేశారంటే చెప్పులు విసిరినట్టే. ఆ దెబ్బకి రాత్రికిరాత్రి రైలెక్కిన గాయకుల పేర్లు ఊళ్ళో పిల్లలు కూడా చెబుతారు.

ఆల్చిదే సీటు గ్యాలరీ మొదటి వరుసలో, సరిగ్గా మధ్యలో ఉంది. దీర్చే మెట్లెక్కి రొప్పుతూ వెళ్ళి అందులో కూర్చుంది. కూర్చోగానే ఆమెకు తెలిసిన మొదటి సంగతి, అక్కడ ఉక్క లేదు. చూరు సందుల్లోంచి మంచుగాలి కోస్తోంది. చుట్టూ అందరూ కోట్లు, మఫ్లర్లు, చేతులకు ఉన్ని తొడుగులు. నోరు తెరిస్తే పొగ.

"వదినా, నువ్వేంటి ఇక్కడ? ఆల్చిదే ఏడీ?" అన్నాడు పక్కసీట్లోని మంగలి ఉలిస్సే.

"కాలు విరిగింది. ఇవాళ ఆల్చిదే నేనే."

"ఏమని చెప్పి పంపాడు?"

"నోరు మూసుకుని కూర్చోమన్నాడు."

ఉలిస్సే గౌరవంగా తలాడించి వెనక్కి తిరిగాడు. "తీర్పులన్నీ చెప్పే పంపాడట. ముందుగా బయటపెట్టొద్దన్నాడట," అని వెనక వరుసకి చేరవేశాడు. ఆ మాట వరుస వరుసకీ పైకెక్కింది. తన వీపు మీద ఇన్ని కళ్ళు ఎందుకున్నాయో దీర్చేకి అర్థం కాలేదు. గౌను పలచగా ఉందని కాబోలనుకుంది.

తెర లేచింది. కథ తేలికగానే ఉంది. చెయ్యని నేరానికి కుర్రాడొకణ్ణి ఖైదులో వేశారు. వేయించింది ఒక డ్యూకు. ఆ డ్యూకు వేషం గ్రెగోరియో అనే స్థూలకాయుడిది. పదకొండేళ్ళుగా ఊళ్ళో పాతుకుపోయినవాడు, గొంతు ఖాళీ పీపాలా ఉంటుంది. అతను పాడితే గ్యాలరీ చప్పట్లు కొట్టింది. దీర్చేకి అదెందుకో బోధపడలేదు. తనకి అర్థం కానిది ఇదే కాబోలనుకుని ఊరుకుంది.

ఖైదీగా ఔరేలియో అనే కొత్తవాడు. త్రియెస్తే నుంచి వచ్చాడు. అతను గొంతెత్తేసరికి దీర్చే చలి మరిచిపోయింది. ముక్కు మాత్రం మరవలేదు. కారడం మొదలుపెట్టింది. సంచిలోంచి రుమాలు తీసి మెల్లగా తుడుచుకుంది.

వెనకనుంచి ఒక ఈల పడింది.

ఇంత బాగా పాడేవాడి మీద ఈల వేసిన వెధవ ఎవడని దీర్చే రుమాలు చేత్తో పట్టుకునే విసురుగా వెనక్కి తిరిగింది. అంతే, ఇరవై ఈలలు. వేదిక మీద ఔరేలియో మొహం పాలిపోయింది.

ఇంటర్వెల్లో థియేటర్ మేనేజరు రొప్పుకుంటూ పైకొచ్చాడు. చలిలోనూ అతని మెడ చెమటతో మెరుస్తోంది.

"అమ్మా, ఆల్చిదే గారికి ఏం తేడా కనిపించింది? గొంతా? తాళమా?"

"ఆయనకేం కనిపిస్తుందయ్యా, ఇంట్లో మంచంలో ఉంటే?"

మేనేజరు గుండె పట్టుకున్నాడు. "వినకుండానే తీర్పా? అంత చెడ్డవాడా ఈ కుర్రాడు? అమ్మా, వాడు పెట్టె సర్దుకుంటున్నాడు. ఇంకొక్క ఈల పడితే రైలెక్కుతానంటున్నాడు. వాడి బదులు పాడేవాడు లేడు. తెర దించెయ్యాలి."

"దించెయ్యడమేంటి? నేను చివరిదాకా వినాలి," అంది దీర్చే.

"మీరు కనికరించాలి."

"నా చేతిలో ఏముందయ్యా?"

మేనేజరు ఆమె చేతిలో ఉన్న రుమాలు వంక చూసి, దణ్ణం పెట్టినంత పనిచేసి, కిందకి పరిగెత్తాడు. దీర్చే ఉలిస్సేని అడిగింది. "ఇతనికేమైనా తేడాగా ఉందా?"

"భయం వదినా. నిన్ను చూస్తే ఎవరికుండదు?" అన్నాడు ఉలిస్సే, మఫ్లరు సర్దుకుంటూ.

రెండో అంకం. తెల్లారితే ఉరి. చూడటానికి వచ్చిన తల్లికి ఖైదీ వీడ్కోలు చెబుతున్నాడు. పాట పెద్ద స్వరంలో కాదు, చెవిలో చెప్పినట్టు మొదలైంది. ఇంటికెళ్ళి పొయ్యి రాజెయ్యమ్మా, నేను ఆలస్యంగా వస్తానంతే, అంటాడు. దీర్చేకి తన తల్లి గుర్తొచ్చింది. ఆ రోజు వండిన వంటంతా గుర్తొచ్చింది. ఎన్నేళ్ళనాటి నీళ్ళో ఒక్కసారిగా కళ్ళలోంచి దూకాయి. రుమాలు విప్పి మొహమంతా అందులో దాచుకుంది.

గ్యాలరీ పేలింది. ఈలలు, బల్లల మీద పిడిగుద్దులు, నేల మీద బూట్ల మోత. "త్రియెస్తే బండి ఎక్కరా," అని ఎవడో అరిచాడు. వాయిద్యాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఔరేలియో నోరు తెరిచినవాడు తెరిచినట్టే నిలబడ్డాడు. తెర కిందకి కదిలింది.

దీర్చే లేచి, గ్యాలరీవైపు తిరిగి నిలబడింది.

"ఆపండి. ఆపండంటుంటే. ఆ తెర లాగేవాడెవడు, వాడూ ఆపాలి."

పంది తొడల్ని బేరమాడే గొంతు అది. తెర సగంలో ఆగింది. ఈలలు ఆగాయి.

"ఎన్నేళ్ళ కోరికతో ఎక్కానో తెలుసా ఆ మెట్లు? చివరిదాకా విననిస్తారా, లేదా? అసలు మిమ్మల్ని ఈలలు వెయ్యమన్నదెవరు?"

గ్యాలరీ ఉలిస్సే వంక చూసింది. ఉలిస్సే నేల వంక చూశాడు.

"నువ్వే కదా వదినా."

"నేనా?"

"రుమాలు తీశావుగా. ఆల్చిదే రుమాలు మొహానికి పెట్టాడంటే ఇక ఆ గాయకుణ్ణి చూడలేకపోతున్నాడని గుర్తు. మేం ఈల వేస్తాం. ఏళ్ళ తరబడి అదే పద్ధతి."

"నేను ఏడుస్తున్నానయ్యా, బుద్ధిలేని మనిషీ. ఆ పాట విని ఏడవక ఏం చేస్తారు?"

ఉలిస్సే మెల్లగా అడిగాడు. "అయితే, ఆల్చిదే రుమాలు దేనికి?"

దీర్చే చేతిలోని తడిరుమాలు వంక చూసింది. నోటిముందు తేలుతున్న పొగ వంక చూసింది. ఉక్క. చెమట. ఇన్నేళ్ళు తను పిండి ఆరేసినవి ఏమిటో ఆ చలిలో ఆమెకు స్పష్టంగా తెలిసిపోయింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటని గట్టిగా లోపలికి మింగింది. ఇంత ధర పలికే మాటని ఊరికే ఎవరిస్తారు?

"ఆయన సంగతి ఆయన్నే అడుగు," అని ముందున్న పిట్టగోడ మీదికి వంగింది. "అబ్బాయ్, నిన్నే. పాట మొదటినుంచీ ఎత్తుకో. నేనున్నా. ఇక్కడ ఎవడి నోరు లేస్తుందో నేనూ చూస్తా."

ఔరేలియో తల పైకెత్తి చూశాడు. మళ్ళీ పాడాడు. ఈసారి అమ్మా అన్న మాట వచ్చినప్పుడల్లా నేరుగా గ్యాలరీ మధ్యసీటు వైపు చూసి పాడాడు. దీర్చే రెండో రుమాలు కూడా తీసింది. కాసేపటికి ఉలిస్సే మఫ్లరు చివర కళ్ళకు అద్దుకున్నాడు. వెనక వరుసల్లో ఎవరెవరో చేతితొడుగులతో మొహాలు తుడుచుకున్నారు. పాట అయ్యాక కొట్టిన చప్పట్లకి చూరు దుమ్ము బాక్సుల్లోని నగల మీద రాలింది. తెర చివరిదాకా దిగిన తరవాతే దీర్చే లేచింది.

మర్నాడు పొద్దున, రెండు రుమాళ్ళనీ తెచ్చి మంచం కోళ్ళకి ఆరేసింది.

"బాగా ఉక్కపోసిందయ్యా," అంది.

ఆల్చిదే వాటిని చూశాడు. ఆమెని చూశాడు. దుప్పటి గడ్డందాకా లాక్కున్నాడు.

"అప్పట్లో లివోర్నో నుంచి వచ్చినవాడు ఎలా పాడాడు?" అంది దీర్చే. "ఆ మీసాలవాడు, ఈలలకి బూట్లు వదిలేసి పారిపోయాడే."

"గంధర్వుడు," అన్నాడు ఆల్చిదే, దుప్పటి లోంచి.

"సరుకుల బండెక్కి పారిపోయిన ఆవిడ?"

"ఆవిడ ఇంకా బాగా పాడింది."

"గ్రెగోరియో?"

"వాడు పాడితే నాకు కన్ను చెమర్చదే. అందుకే వాడికి ఈలలు పడవు. ఏం చెయ్యమంటావు? మొదటిసారి రుమాలు తీసి మొహం దాచుకుంటే వెనకాల ఈలలేశారు. నచ్చక తీశాననుకున్నారు. నేను ఏడ్చాన్రా అని ఎలా చెప్పను? పంది తొడల వ్యాపారిని. కింద బజారులో నా మాటకి విలువుండొద్దూ?"

"అందుకే నన్నెప్పుడూ తీసుకెళ్ళలేదు."

"నువ్వు పక్కనుంటే తెలుసుకునేదానివి."

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఉలిస్సే తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. వెనకాల గ్యాలరీ పెద్దలు ముగ్గురు.

"ఆల్చిదే, ఒక్కటి తేల్చాలి. నీ రుమాలు అర్థమేంటి? వదిన చెప్పనంటోంది."

ఆల్చిదే కళ్ళు పెళ్ళాం వైపు తిరిగాయి. అంత దీనంగా ఆ కళ్ళు ఆమెను పెళ్ళిచూపుల్లో కూడా చూడలేదు. దీర్చే తొందరపడలేదు. ఆరిందో లేదో అన్నట్టు రుమాలు అంచు నలిపి చూసింది.

"నేను చెప్పేలోగా ఈయన ఒక మాట చెప్పాలనుకుంటున్నాడు," అంది.

ఆల్చిదే గొంతు సవరించుకున్నాడు. "మా దీర్చేకి ఒపేరా తెలుసు."

"గట్టిగా."

"నాకంటే బాగా తెలుసు. ఇకనుంచి మధ్యసీటు తనదే. తను చెప్పిందే తీర్పు."

"విన్నారుగా," అంది దీర్చే. "రుమాలు సంగతంటారా, ఈయనకి పైన చలి పడదు. ముక్కు కారుతుంది. మీరేమో ఆ ముక్కుని చూసి గాయకుల్ని తరిమారు. ఇంకనైనా చెవులతో వినండి."

పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకుని, టోపీలు తీసి చేతబట్టుకుని, ఒక్కొక్కరే మెట్లు దిగిపోయారు.

చలి ముదిరే ఫిబ్రవరి వచ్చేలోగా గ్రెగోరియో వేరే ఊరు చూసుకున్నాడు. దీర్చే పక్కసీట్లో కూర్చునే ఆల్చిదేకి మాత్రం ఆ ఏడాదినుంచీ, సరిగ్గా ఒపేరా రోజుల్లోనే, విపరీతంగా జలుబు చేస్తోంది.