ఎలిశబెతు అల్లం జాడీ

ఎలిశబెతు ఏళ్లతరబడి బతికించుకుంటూ వచ్చిన జాడీని ఆడపడుచు రెబెక్కమ్మ బూడిదతో తోమి అరుగు మీద బోర్లించిన రోజున, సమాధానం మాస్టరు అసలు వేరే పని పెట్టుకున్నాడు. భార్య ఎలిశబెతు పోయి ఏడాది కావస్తోంది. ముత్తుకూరులో రాళ్లు చెక్కే మస్తానయ్య సమాధి రాయిని నున్నగా చేసి, దాని మీద చెక్కాల్సిన మాటల కోసం కాచుకుని ఉన్నాడు. కాఫీ తాగి కూర్చుని ఆ నాలుగు మాటలూ రాసేయాలని మాస్టరు నిశ్చయించుకున్నాడు. పిల్లల వ్యాసాలు దిద్దే మనిషికి అదెంత పని?

కాఫీ తాగాడు. బోర్లించిన జాడీ కనిపించింది.

ఆ జాడీలో ఉండేది అల్లం బీరుకు తోడు. మిషన్ ఆసుపత్రి దొరసాని దగ్గర ఎలిశబెతు నేర్చుకున్న విద్య అది. పెరుగు తోడు దాచినట్టే అడుగు మడ్డి కాస్త మిగుల్చుకుని, దానికి అల్లం, బెల్లం పెడుతూ ఉండాలి. క్రిస్మస్ వస్తే ఆ మడ్డితో కొత్తది పులియబెట్టి, సంఘమంతటికీ గ్లాసుల్లో పోసేది. ఆమె పోయాక మాస్టరు అన్నం వండుకోవడం మరిచిపోయిన రోజులున్నాయి గానీ జాడీకి బెల్లం వేయడం మరవలేదు. ఆమె పెంచినవాటిలో ఇంట్లో ఇంకా ప్రాణంతో ఉన్నది అదొక్కటే. ఆదివారం జరిగే సంస్మరణ కూడికలో అందరికీ అదే పోయాలని ఆయన ఆశ.

"ఇందులో ఉన్నదాన్ని ఏం చేసినావక్కా?"

"పారబోసినా. పాచి కంపు కొడతా ఉండాది. ఎలిశబెతు ఉంటే ఇట్లా ఉండనిచ్చేదా?"

కూడిక పనులకని వెంకటాచలం నుంచి వచ్చిన అక్కను తప్పుపట్టలేక ఆయన పెరట్లోకి వెళ్లి చూశాడు. చెంచాతో ఎత్తడానికి కూడా ఏమీ మిగల్లేదు.

కల్లు మడ్డితో కొత్త తోడు కట్టవచ్చని ఎలిశబెతు ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది. అవి మద్యనిషేధం రోజులు. ఈతచెట్లు గీసే పెంచలయ్యకు బెల్లం కాచుకోవడానికి మాత్రమే అనుమతి. కల్లు పులియకుండా ప్రతి కుండకూ లోపల సున్నం పూయాలి. మద్యపానం కీడు మీద ఏటేటా సంఘంలో ఉపన్యాసమిచ్చే మాస్టరు వెళ్లి, గొంతు తగ్గించి, సున్నం పూయని కుండ ఒకటి కట్టమని అడిగాడు.

పెంచలయ్య ఆయన ముఖంలోకి చూశాడు. "మా నాయన పోయినప్పుడు నేనూ ఇట్లనే మొదలుపెట్టినా అయ్యోరా."

"తాగేదానికి కాదు పెంచలయ్యా. నాకు మడ్డి చాలు."

"మొదలే మడ్డితో పెట్టుకుంటే, ఇంక యాడికి పోతారయ్యోరా?"

అయినా జాలిపడి ఇచ్చాడు. ఆ జాలిలోనే పెళ్లాంతో చెప్పాడు. మర్నాటికి వీధులన్నీ మాస్టరును మెత్తగా పలకరించసాగాయి. చేపలమ్మే నాగులమ్మ గిన్నెడు పులుసు తెచ్చి గడపలో పెట్టింది. "ఒట్టి కడుపున తాగబాకండి అయ్యోరా, పేగులు పోతాయి" అని చెప్పి, డబ్బు తీసుకోకుండా వెళ్లిపోయింది. ఆయన ఎంత వివరిస్తే అందరూ అంత ఓపిగ్గా తలూపారు. రెబెక్కమ్మ ఏడ్చి, ఇంట్లో గ్లాసులన్నీ దాచేసి, సంఘపెద్ద యోబుకు కబురు పెట్టింది.

మాస్టరు మాత్రం ఆ మడ్డికి అల్లం, బెల్లం నీళ్లు కలిపి జాడీ నింపాడు. మొదట అది గుసగుసలాడింది. అంతలో ముసురు పట్టింది, సముద్రం మీంచి చలిగాలి తిరిగింది. జాడీ చప్పుడు ఆగిపోయింది. చప్పుడు ఆగితే పులిసినట్టేనని, సీసాలకు ఎత్తవచ్చని ఎలిశబెతు అనేది. ఆయన రుచి చూశాడు. పానకంలా తియ్యగా ఉంది. అంటే పులవలేదు, చచ్చిపోయింది. ఆమె కట్టిన తోడు ఏళ్లు బతికింది, తాను కట్టింది ఒక్క వానకు కూడా ఆగలేదు.

పానకమైనా పోద్దామని చివరికి సీసాలకు ఎత్తాడు. బిరడాలు బిగించి, వలలు అల్లే నూలుతో గట్టిగా కట్టాడు. అక్క పారబోయకుండా వసారాలోని చెక్కపెట్టెలో దాచాడు.

ఆదివారం ఎండ కాసింది. పొద్దుటినుంచీ పెట్టె మీదే పడింది. కూడికకు ముందే యోబు మరి కొందరు పెద్దలతో వచ్చి, వసారాలో ఎత్తుగా కనిపించిన ఆ పెట్టె మీదే కూర్చున్నాడు. దుఃఖం గురించి, శోధన గురించి చాలాసేపు మాట్లాడి, చివరికి అసలు సంగతి అడిగాడు.

"మాస్టరు గారూ, ఈ ఇంట్లో సీసా ఉందా, లేదా? ఒక్కమాట చెప్పండి."

మాస్టరు జన్మలో అబద్ధమాడలేదు. "ఉండాయండీ. మీరు వాటి మీదే కూర్చోనుండారు."

యోబు సగం లేచేసరికి మొదటి సీసా పేలింది. ఒకదాని అదురుకు ఇంకొకటి పేలి, మూత లేచిపోయి, అల్లం నురగ దూలాన్ని తాకి పెద్దలందరి తెల్లబట్టల మీద కురిసింది. వీధిలో జనం చేరారు. రెబెక్కమ్మ గుండె పట్టుకుంది. ఈ ఊళ్లో తన ఉద్యోగం, పరువు ఇంతటితో సరి అని మాస్టరు తల వంచుకుని నిలబడ్డాడు.

యోబు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. మీసం మీది తడి నాలుకకు తగిలింది. మళ్లీ కాస్త చప్పరించాడు.

"ఇది మన ఎలిశబెతమ్మ చేసేది గదా" అన్నాడు.

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇది మద్యమైతే ప్రతి క్రిస్మస్‌కీ సంఘమంతా తాగినట్టే. అందులోనూ అందరికంటే ఎక్కువసార్లు గ్లాసు చాపింది యోబే. దీనిలో దోషం లేదని ఆయన అక్కడికక్కడే తేల్చి, పగలని సీసాలేమైనా ఉన్నాయేమో చూడమన్నాడు. రెబెక్కమ్మ దాచిన గ్లాసులు తీసుకొచ్చింది.

సీసా పెంకుల మధ్య మిగిలిన మడ్డి ఇంకా బుడగలు కక్కుతోంది. ముసురు రోజుల్లో ఎలిశబెతు జాడీకి తన పాత చీర చుట్టి పొయ్యి పక్కన పెట్టడం అప్పుడు మాస్టరుకు గుర్తొచ్చింది. పసిబిడ్డా అది, అని తాను ఎగతాళి చేసేవాడు. అది చావలేదు, చలికి ముడుచుకుంది. వెచ్చబడితే లేచింది. వెచ్చబెట్టినా లేవనివి ఉంటాయని ఆయనకు ఏడాదిగా తెలుసు. మడ్డిని గుడ్డలో వడగట్టి జాడీలోకి ఎత్తి, లోపలి బట్టల పెట్టెలో నుంచి ఆ చీరే తీసి చుట్టాడు.

కూడికకు వచ్చిన మస్తానయ్య గ్లాసు ఖాళీ చేసి పక్కకొచ్చి నిలబడ్డాడు. "మాటలు రాసినారా అయ్యోరా?"

రాతి మీద ఏం చెక్కాలో మాస్టరు ఇంకా రాయలేదు. రాయి ఆగుతుంది గానీ జాడీ ఆగదని, బెల్లం తేవడానికి లోపలికి వెళ్లాడు.