వ్యక్తిగత కారణాలు

ఆ రోజు తెల్లవారకముందే ఖమ్మం ఖానాపురం హవేలిలోని ఇంటి నుంచి బయలుదేరుతూ భాస్కర్ చిన్న కాగితం మీద ప్లాను రాసుకున్నాడు. పదింటికి మొదటి ఇంటర్వ్యూ, పదిన్నరకు రెండోది, పదకొండుకు నిర్ణయం, ఒంటిగంటకు భోజనం, రెండింటికి హెడ్డాఫీసు మేడమ్‌ను బస్సెక్కించడం. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇంత చక్కని ప్లానుకు అడ్డమేముంటుందిలే అనుకున్నాడు. అలా అనుకోకుండా ఉండాల్సింది.

అతను మేనేజరుగా పనిచేసేది అడవి సరుకు కొనే ఓ చిన్న కంపెనీలో. ఇప్పపూవు, తేనె, చింతపండు కొని పట్నానికి పంపుతారు. దుమ్ముగూడెంలో రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని కొనుగోలు కేంద్రం తెరిచారు గానీ, దానికి ఇన్‌చార్జి నిలవడం లేదు. భాస్కర్ ఏరికోరి తెచ్చిన లాలు పదకొండు రోజుల్లో వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన మోతీలాల్ నాలుగో రోజే సర్దుకున్నాడు. ఇద్దరి రాజీనామాల్లోనూ ఒకే ముక్క ఉంది: వ్యక్తిగత కారణాలు. అసలు ఈ భాస్కర్ మనుషుల్ని ఎలా ఎంపిక చేస్తున్నాడో దగ్గరుండి చూసి మార్కులు వేసి రమ్మని హెడ్డాఫీసు ఉషారాణి అనే అధికారిని పంపింది. ఈసారి కూడా మనిషి నిలవకపోతే ఖాళీ అయ్యేది భాస్కర్ కుర్చీయే. ఆ సంగతి అతను ఇంట్లో చెప్పలేదు. టీ మాత్రం సగం వదిలేశాడు.

అభ్యర్థులు ఇద్దరే. ఖమ్మం నుంచి పవన్, దుమ్ముగూడెం అవతలి అడవి పల్లె నుంచి పుష్పలత. వాళ్లకు మెసేజ్ పంపింది ఆఫీసు గుమాస్తా కోటేష్. 'ఇద్దరు రిఫరెన్సుల వివరాలతో రావలెను' అని భాస్కర్ చెప్పాడు. అందులో 'వివరాలు' అన్న మాట దండగనిపించి కోటేష్ కొట్టేశాడు. మెసేజ్ చూసి పుష్పలత ఫోన్ చేసింది.

"సార్, రిఫరెన్స్ అంటే ఏంది?"

"నీ గురించి మంచిగ తెలిసినోళ్లమ్మా. నువ్వు ఎట్లాంటిదానివో చెప్పేటోళ్లు."

"ఇద్దరేనా?"

"ఇద్దరికి తక్కువ కావద్దు," అన్నాడు కోటేష్ కచ్చితంగా.

ఆ పల్లెలో పుష్పలత గురించి తెలియనివాళ్లు లేరు. ఇద్దరిని పిలిస్తే మిగతావాళ్లు ముఖం ముడుచుకుంటారు. పైగా పిల్లను అడగబోయినా, తగవు తీర్చబోయినా, ఒక మనిషి గురించి చెప్పాలంటే ఇంకో మనిషి వచ్చి నిలబడి చెప్పాలి. అది అక్కడి పద్ధతి. అందుకని పదింటికి పావుగంట ముందు షెడ్డు దగ్గర రెండు ట్రాక్టర్లు ఆగాయి. వాటిలోంచి పుష్పలతతో పాటు నలభై ఒక్క రిఫరెన్సులు దిగాయి.

అప్పటికే వచ్చి బల్ల మీద కూర్చున్న పవన్ కోటేష్‌ను పక్కకు పిలిచాడు.

"ఏందన్నా ఈ జనం? ధర్నానా?"

"కాదు తమ్మీ. పుష్పలత తరఫున చెప్పనీకి వచ్చిండ్రట."

పవన్ వాళ్లను ఓసారి లెక్కపెట్టబోయి మానుకున్నాడు. "మా మామతోని ఒక్క ఫోన్ చేయిద్దామనుకున్న. గింత పెద్ద రికమండేషన్ ఉన్నకాడ నాతోని కాదన్నా," అని బ్యాగు తగిలించుకుని, అప్పుడే వచ్చి ఆగిన ఆటోలో భద్రాచలం వెళ్లిపోయాడు.

ఆ ఆటోలో వచ్చి దిగింది ఉషారాణి. చేతిలో ఫైలు, ముఖం మీద ప్రయాణపు దుమ్ము. పుష్పలత మేనత్త జంపక్క ఆ ఫైలు చూసి దగ్గరకొచ్చింది.

"నువ్వూ నౌకరికే వచ్చినవా బిడ్డా?"

"ఇంటర్వ్యూకే వచ్చిన," అంది ఉషారాణి. అది అబద్ధమేమీ కాదు.

"నీ తరఫున ఎవరు రాలే?"

"లేదమ్మా. ఒక్కదాన్నే."

జంపక్క ప్రాణం ఉసూరుమంది. ఊరి పెద్దమనిషి పోతయ్యతో తమ భాషలో ఏదో మాట్లాడి మళ్లీ వచ్చింది. "మావోళ్లు మస్తుగున్నరు. ఇద్దరిని నీకిస్తం. నేనూ, పోతయ్య. నీ పేరేందో చెప్పు, లోపల అడిగితే చెప్పాలె గద."

ఉషారాణి ఎన్నో ఆఫీసుల ఎంపిక పద్ధతులు చూసింది. పోటీకి వచ్చిన మనిషికి రిఫరెన్సులు అరువివ్వడం మాత్రం ఎక్కడా చూడలేదు. ఎందుకో కాదనబుద్ధి కాలేదు. పేరు చెప్పి వాళ్ల మధ్య నేల మీద కూర్చుంది.

సరిగ్గా పదింటికి తలుపు తీసిన భాస్కర్‌కు ముందు జనం కనిపించారు, తర్వాత ఆ జనంలో మేడమ్ కనిపించింది. వీడియో మీటింగుల్లో చూసిన ముఖమే. గబగబా ఎదురెళ్లాడు.

"మేడమ్, మీరు లోపలికి..."

"ఆమె వంతు తర్వాత సార్," అంది జంపక్క. "మా పిల్ల ముందుగాల వచ్చింది."

"అవ్, లైన్ లైనే," అంది ఉషారాణి.

పుష్పలత వెనకే అందరూ షెడ్డులోకి వచ్చారు. అభ్యర్థిని ఒంటరిగా అడగాలని రూల్సులో ఉంది గానీ, ఆ మాట నలభై మందికి ఎలా చెప్పాలో లేదు. భాస్కర్ ప్రశ్నల కాగితం తీశాడు.

"ఐదేళ్ల తర్వాత నువ్వు ఎక్కడుంటవమ్మా?"

"ఈడనే ఉంటా సార్," అంది పుష్పలత, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. "మీరు ఏడుంటరు?"

సాయంత్రానికి తానెక్కడుంటాడో తెలియని భాస్కర్ కాగితంలో తర్వాతి ప్రశ్న వెతికాడు.

"సార్ చెప్తలేడు," అన్నాడు పోతయ్య నెమ్మదిగా. "పూవు చెట్ల కిందనే ఇడిసిపెట్టి వచ్చినం సార్. ఎండెక్కితే అది పశువుల పాలు. మా పిల్ల గురించి చెప్పనీకి మేం ఇంతమందిమి వచ్చినం. మీ కంపెనీ గురించి చెప్పేటోళ్లు ఏరి? ఇద్దరికి తక్కువ కావద్దంట గద."

భాస్కర్ ఉషారాణి వైపు దీనంగా చూశాడు. ఆమె పెన్ను మూత తీసింది. ఇంక చేసేదేం లేక లాలుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"సార్ మంచోడే," అన్నాడు లాలు, సంగతి విని. "జీతం టైముకు ఇచ్చిండు. కాకపోతే రూమ్ ఇస్తమన్నడు, వచ్చి చూస్తే పూవు బస్తాల పక్కన మంచమేసి ఉంది. పదకొండోనాడు ఆ వాసనకు ఎలుగుబంటి వచ్చి తలుపు గీకింది."

"మరి వ్యక్తిగత కారణాలని రాసినవేంది లాలూ?"

"ఫారంల మూడే గళ్లున్నయి సార్. పెండ్లి, పైచదువు, వ్యక్తిగతం. లోపల ఉన్నది నేనొక్కన్నే గద, అందుకే వ్యక్తిగతంల పెట్టిన."

తర్వాత ఫోన్ కలిపి లాలు సంగతి చెబితే, మోతీలాల్ ఇంకా తొందరగా తేల్చేశాడు. "నాది గదే కారణం సార్. నాకైతే ఎలుగు దాని పిల్లతోని వచ్చింది."

షెడ్డంతా నవ్వులు. భాస్కర్ నవ్వలేదు. ఆ ఇద్దరూ నిలకడ లేని మనుషులని హెడ్డాఫీసుకు రాసింది తానే. ఒక్క ఫోన్ చేసి అడిగితే తెలిసేది. ఆ అడగడమే చేయలేదు. అతనికి నిజంగానే సిగ్గేసింది.

"నేను అడగలే," అన్నాడు అందరి ముందూ. "తప్పు నాదే."

"పూవు పక్కన పండుకుంటే ఎలుగు రాక ఎవరొస్తరు? మా చిన్నపోరగాళ్లకు తెలుసు," అంది జంపక్క, కోపం లేకుండా.

"పూవు ఊర్లనే మంచెల మీద పెట్టుకుంటం సార్," అంది పుష్పలత. "పొద్దున తూకమెయ్యాలె, అదే దినం బండి ఎక్కియ్యాలె. ఈడ బస్తా ఉండొద్దు. గట్లయితే చేస్తా."

పెద్దలు తమ భాషలో కాసేపు మాట్లాడుకున్నారు. చివరికి పోతయ్య లేచాడు.

"పనిడిసిపోయినోళ్లు ఇద్దరూ నిన్ను తిట్టలే, అబద్ధమాడలే. గసుంటోళ్లను తెచ్చినవంటే మనుషులను చూసుడు నీకు వచ్చు సార్. అడుగుడే రాదు. మూడు నెలలు చూస్తం."

"పుష్పలతనా?"

"నిన్ను. మీ కంపెనీని."

భాస్కర్ తలూపాడు. అప్పుడు జంపక్క ముందుకొచ్చి ఉషారాణి భుజం మీద చెయ్యి వేసింది. "మరి ఈ బిడ్డ సంగతేంది సార్? మంచిది. మాతోని కిందనే కూసున్నది, విసుక్కోలే. ఏదన్న పని చూడు."

"ఆమె... మా పెద్ద మేడమ్ అమ్మా. నాకు మార్కులెయ్యనీకి వచ్చింది."

జంపక్క ఉషారాణిని ఎగాదిగా చూసింది. "గంత పెద్ద నౌకరిచ్చి ఒక్కదాన్నే పంపిండ్రా?"

ఉషారాణి పకపకా నవ్వింది. తెప్పించిన నాలుగు పార్సిళ్లు ఎవరికీ చాలకపోతే, పల్లెవాళ్లే తమ సద్ది విప్పి ఆఫీసువాళ్లు ముగ్గురికీ పెట్టారు. పొద్దున టీ సగం వదిలేసిన భాస్కర్ రెండోసారి కూడా పెట్టించుకున్నాడు. రెండింటికి ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది. మేడమ్ నాలుగింటికి ట్రాక్టరు మీద భద్రాచలం చేరింది.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. అభ్యర్థి ఎంపికైంది. బృందంతో కలిసి పనిచేయగలదా అన్న చోట 'బృందాన్ని వెంట తెచ్చుకుంది' అని ఉంది. మేనేజరును కొనసాగించవచ్చు. కంపెనీకి మాత్రం మూడు నెలల ప్రొబేషన్, పరిశీలకుడు పోతయ్య. దానితో పాటు కొత్త రాజీనామా ఫారం కూడా వచ్చింది. భాస్కర్ దాన్ని రెండుసార్లు చదివి, జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకున్నాడు.

'వ్యక్తిగత కారణాలు' అన్న గడి కింద చిన్న అక్షరాల్లో ఒక సూచన చేరింది: జంతువైతే పేరు రాయవలెను.