బుధవారం ఊపిరి క్లాసు

మా కంపెనీవాళ్లు నాకు ఊపిరి పీల్చడం నేర్పించారు. ఇరవై ఆరేళ్లుగా ఈ పని తప్పుగా చేస్తున్నానట! ఇన్నాళ్లూ ఎలా బతికి బట్టకట్టానో నాకే ఆశ్చర్యంగా ఉంది.

నేను బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడతాను. తొమ్మిదో తరగతిలోనే బడి మానేశాను. కాబట్టి ఒత్తిడి అనేదొకటి ఉంటుందనీ, దానికి మందు మంచి అలవాట్లేననీ నాకు తెలియదు. పని ఎక్కువైందనుకునేదాన్ని. ఎంత అమాయకత్వం!

ఇప్పుడు ప్రతి బుధవారం ఐదున్నరకి షిఫ్టు అవ్వగానే అరగంట క్లాసు. ఉచితం! ఎగ్గొడితే మాత్రం మర్నాడు సూపర్‌వైజర్ ముందు నిలబడి కారణం చెప్పుకోవాలి. మనశ్శాంతిని ఇంత పట్టుబట్టి పంచిపెట్టేవాళ్లని మీరెక్కడైనా చూశారా?

క్లాసు చెప్పే ఆవిడకి మేం చల్లగాలి మేడమ్ అని పేరు పెట్టుకున్నాం. మంచి మనిషే, ఏసీ కారు దిగి వస్తుంది. "నాలుగు లెక్కపెడుతూ పీల్చండి, నాలుగు లెక్కపెడుతూ వదలండి" అంటుంది. పీలుస్తాం. పొద్దుట్నుంచి హాల్లో ఎగిరిన నూలు పీచంతా లోపలికి పోతుంది. ఈపాటికి నా ఊపిరితిత్తుల్లో ఒక చొక్కాకి సరిపడా గుడ్డ తయారై ఉంటుంది.

మంచి అలవాట్ల చార్టు కూడా ఇచ్చారు. రోజూ టిక్కులు పెట్టాలి. మొదటి గడి, ఎనిమిది గ్లాసుల నీళ్లు. మా లైన్లో ముప్పై మందికి బాత్రూమ్ టోకెన్ ఒక్కటే. అది ఒకరి చేతిలో ఉంటే మిగతా ఇరవై తొమ్మిది మందీ బిగపట్టుకుని కుట్టాల్సిందే. ఎనిమిది గ్లాసులు తాగి ఆ టోకెన్ కోసం కూర్చోండి, నిగ్రహం అంటే ఏమిటో తెలుస్తుంది!

రెండో గడి, అరగంట నడక. దీనికీ కంపెనీయే ఏర్పాటు చేసింది. ఐదూ నలభై బస్సు మేం క్లాసులో ఉండగా వెళ్లిపోతుంది. తర్వాతది ఏడింటికి. ఇంక నడవక ఏం చేస్తాం? నేనైతే పరుగెడతాను. గుండెకి ఇంకా మంచిదట.

ఎక్కడికి పరుగంటారా? ఆరింటికి మూసేసే క్రెష్‌కి. మూడున్నరేళ్ల నా కూతురు అక్కడుంటుంది.

క్లాసుకి ముందు ఫోన్లన్నీ ఒక ట్రేలో పెట్టించుకుంటారు. ఆందోళనకి మూలం ఫోనేనట. పోయిన బుధవారం నేను కళ్లు మూసుకుని మేడమ్ చెప్పిన సరస్సుని ఊహించుకుంటూ ఉంటే, క్రెష్ ఆయా ఏడుసార్లు ఫోన్ చేసింది. కళ్లు తెరిచేసరికి ట్రేలో నా ఫోన్ ఒక్కటే వణికిపోతోంది. పాపం, దానికెవరూ క్లాసు చెప్పలేదు.

పరుగెత్తుకుంటూ వెళ్లాను. క్రెష్‌కి తాళం పడిపోయింది. ఆయా మెట్టు మీద కూర్చుని ఉంది, ఒళ్లో నా కూతురు.

"ఏమ్మా, అయిందా పీల్చడం?"

"వాళ్లు వదల్లేదక్కా..."

"నాకూ ఇంట్లో పిల్లలున్నారు తల్లీ. నేను ఏ క్లాసుకెళ్లాలి? ప్రతి బుధవారం ఇదే తంతు. ఇంకోసారైతే సీటు వేరేవాళ్లకిచ్చేస్తామని క్రెష్ పెద్దమేడమ్ చెప్పమంది. తర్వాత నన్నేం అనకు."

సీటు పోతే పాపని ఎవరు చూస్తారు? నేనే. అప్పుడు కాలర్లు ఎవరు కుడతారు? ఎవరో ఒకరు. నేను మాత్రం కాదు.

నా కూతురు నా మెడ చుట్టూ చేతులేసి, "అమ్మా, నీకు ఊపిరొచ్చిందా?" అంది. వచ్చిందన్నాను. అబద్ధాలాడకూడదని చార్టులో ఎక్కడా లేదు.

ఈ సోమవారం ధైర్యం చేసి సూపర్‌వైజర్ దగ్గరికెళ్లాను.

"సార్, క్లాసు చాలా బాగుంటోంది. ఐదింటికే పెట్టేయండి. మిషన్లాపేసి అందరం హాయిగా కళ్లు మూసుకుంటాం, ఐదున్నరకి ఇళ్లకి పోతాం."

"మిషన్లాపడమా! మతి ఉండే మాట్లాడుతున్నావా? అరగంట లైనాగితే పైవాళ్లు నన్ను నమిలేస్తారు!"

మొహం ఎర్రబడింది. నుదుటి మీద నరం లేచింది. చేతిలో పెన్ను వణికింది. చల్లగాలి మేడమ్ చెప్పిన ఒత్తిడి లక్షణాలన్నీ ఆ ఒక్క మనిషిలోనే కనబడ్డాయి! నాకు జాలేసింది.

"నాలుగు లెక్కపెడుతూ పీల్చండి సార్."

"వెటకారమా? నాకంత టైమెక్కడిది! పో, మిషన్ దగ్గరికి పో!"

చూశారా? ఇంత గొప్ప మందు, పాపం ఆయనకి తీసుకునే వీలే లేదు. అంతా మాకే వదిలేశారు. ఇలాంటి త్యాగం ఇంకెవరు చేస్తారు?

రేపు బుధవారం. మేడమ్ అందర్నీ కళ్లు మూసుకోమనగానే నేను కళ్లు తెరుచుకుని, ట్రేలోంచి ఫోన్ తీసుకుని, ఐదూ నలభై బస్సెక్కేస్తాను. మర్నాడు సూపర్‌వైజర్ పిలుస్తాడు. భయం లేదనను. అయినా కారణం రాతపూర్వకంగా ఉంది. కంపెనీ ఇచ్చిన చార్టునే ఆయన చేతిలో పెడతాను.

చివరి గడి, కన్నవాళ్లతో, కడుపున పుట్టినవాళ్లతో కాసేపు గడపండి.

ఇన్ని బుధవారాల్లో అక్కడ పడబోయే మొదటి టిక్కు అదే.