హరినాథుని హిమచషక విజయము

పినాకినీ తరంగ శీతలమైన నెల్లూరు నగరమున, ఫినాయిలు సువాసనలచే దిగంతములదరుచున్న ఒకానొక ఆసుపత్రియందు, అపరాహ్ణము మూడు గంటల వేళ, తోటపల్లి గూడూరు రొయ్యలగుంటల సార్వభౌముడును, మూడెకరముల కౌలుదారుడును అగు హరినాథుడు, ఆనాటి యుదయముననే కత్తికి కంఠమొడ్డి, టాన్సిలద్వయమును కోల్పోయి, మాట పెగలక పవళించియుండెను.

ఆరింటికి ఇంటికి పోవచ్చునని వైద్యుని యానతి. నెత్తురు కారరాదు, జ్వరము రారాదు, చల్లనిదేదైన గొంతు దిగవలెను. దిగనిచో ఆ రేయి అచ్చటనే.

అంతట నర్సు నవోమి ఐస్‌క్రీము కప్పు గొనివచ్చెను. దానిని గాంచినంతనే, ఐసుబండి గంట వినబడినచో వీధితలుపునకు గడియపెట్టి కుమారుని పెంచిన దుర్గరక్షణధురీణ, మాత వెంకటశేషమ్మ, మంచమునకు అడ్డము నిలిచి గర్జించెను:

"ఇరవై ఏళ్లు ఐసు ముట్టనీకుండా కాచినాను పాపా. కోసిన గొంతులో నువ్వు పోస్తావా? పొద్దున కోసినారు, సాయంత్రం పొమ్మంటారు. ఇంటికి పోయినాక నెత్తురు కక్కితే నేనేం జేసేది?"

చూడవచ్చిన బంధుసేన ఔననెను. ఆసుపత్రికి వచ్చి ధైర్యము చెప్పిన చుట్టము ఈ భూమండలమున పుట్టలేదు. ఇట్లే కోయించుకొని ఎవరెవరు పోయినారో చెప్పువారే అందరును.

నవోమి చలింపలేదు. "మింగకుంటేనే గొంతెండి నెత్తురొస్తాది పెద్దమ్మా. ఊరికే పంపం, ఆరింటిదాకా చూస్తానే ఉంటాం. మీ ఊరు అరగంట. రెండు వారాల్లో ఎప్పుడు ఎర్రగా ఉమ్మినా, పగలని రాత్రని చూడకుండా తీసుకొచ్చేయండి."

రాజమాత కప్పును లాగుకొని, విషపరీక్షార్థము తొలిచెంచా తానే భక్షించెను. అరువదియేండ్ల జీవితమున అదియే మొదటిది. కండ్లు మూసెను. నిర్ధారణార్థము రెండవదియు భక్షించెను. పరీక్ష ఎంతకును ముగియక, కప్పు అడుగు కనబడుచుండగా నవోమి ఆమె చేయి పట్టుకొనెను.

"వాడికి గదా, పెద్దమ్మా."

అప్పుడా కడపటి చెంచా, కైలాసశిఖరధవళమై, దంతప్రాకారమును దాటి, జిహ్వామైదానమున క్షణము తటపటాయించి, వీరుని నేత్రములనుండి అశ్రుధారలు పెల్లుబుకుచుండగా, గుటుక్కున దిగెను.

టార్చి వెలిగెను. నెత్తురుచుక్క లేదు.

"మీ ఫోను నంబరు పెద్ద అక్షరాల్లో రాసియ్యి పాపా," అనెను వెంకటశేషమ్మ, మూతి తుడుచుకొనుచు. "ఇంటికి పోతాం."

ఇట్లు హరినాథుడు చెంచాడు ఐస్‌క్రీమును జయించెను. అంతకుమించి జయించుటకు ఆ కప్పులో ఏమియు మిగిలి యుండలేదు.