రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌గా గుత్తుల మంగతాయారు

కాకినాడలోని వైద్య సెన్సార్ల తయారీ కేంద్రంలో రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ చేయి జారి పగిలిపోవడంతో, కొత్తది వచ్చేవరకు దాని స్థానంలో పనిచేయడానికి సీసాలు కడిగే గుత్తుల మంగతాయారును నియమించారు. నియామకం పద్ధతి ప్రకారమే జరిగింది. జీతంలో మార్పు లేదు. సీసాలు కడిగే పని కూడా ఆమే చూసుకోవాలని ఉత్తర్వు చివర ఒక వాక్యం చేర్చారు.

రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ అంటే పెద్ద విషయమేమీ కాదు. ఆ కేంద్రంలో షుగరు పరీక్షించే పట్టీలు, వాటిని చదివే మీటర్లు తయారుచేస్తారు. పట్టీ మీద రక్తపు బొట్టు పడితే అందులోని చక్కెరకు తగినంత విద్యుత్తు పుడుతుంది. అది ఎక్కువో తక్కువో చెప్పాలంటే పక్కన కదలకుండా ఉండేది ఇంకొకటి కావాలి. గోడ ఎత్తు చెప్పడానికి నేల కావాలి కదా, అలాగన్నమాట. ఉప్పునీళ్ళలో వెండి తీగ ముంచి గాజు గొట్టంలో బిగించిన ఆ వస్తువుకు ఉండవలసిన గుణం ఒక్కటే. చుట్టూ ఏం జరిగినా అది మారకూడదు. దాని విలువ ఎంత అని ఎవరూ అడగరు. సున్నా అని అందరూ ఒప్పుకుని పని మొదలుపెడతారు.

పగిలిన గొట్టంలో కాస్త ఉప్పునీరు మిగిలి ఉండగానే, దాని పక్కన పెట్టి ఉద్యోగులందరినీ పరీక్షించారు. గిన్నెడు ఉప్పునీళ్ళలో వేలు ముంచి కూర్చోవాలి. మీటరు ముల్లు కదలకూడదు. కాపలాదారు కూర్చుంటే క్యారేజీ వాసన వచ్చినప్పుడల్లా ముల్లు లేచింది. డైరెక్టర్ డాక్టర్ శేషఫణి కూర్చుంటే హైదరాబాదు నుంచి ఫోన్ మోగింది. ముల్లు పైకి పోయి మళ్ళీ దిగలేదు. అకౌంట్స్ ఆఫీసరు భుజంగరావు వేలు పెట్టీ పెట్టకముందే ముల్లు ఊగిపోయింది. ఏమిటని అడిగితే చిన్నప్పుడు అమ్మేసిన ఆవు గుర్తొచ్చిందన్నాడు.

మంగతాయారు కూర్చున్నప్పుడు ముల్లు కదలలేదు. మీటరు చెడిపోయిందేమోనని శేషఫణి ఆమె వెనకగా వెళ్ళి, ఇల్లు తగలబడిపోతోందట మంగతాయారూ అని గట్టిగా చెప్పాడు.

“అలాగాండి,” అంది ఆమె. “ఎదురింటోళ్ళకి ఒక మాట చెప్పించండి మరి. ఈ టైములో నీళ్ళు వాళ్ళ కుళాయిలోనే వత్తాయి.”

ముల్లు అక్కడే ఉంది. శేషఫణి ఆమెకు చేతులు జోడించాడు.

ఎలక్ట్రానిక్స్ విభాగం చూసే రుక్సానా కొత్తగా చేరిన ఇంజనీరు. ఆమెకు మాత్రం కుతూహలం ఆగలేదు. “ఎలా అక్కా ఇది?” అని అడిగింది.

“ఏముందమ్మా. అరటిపళ్ళు తెత్తానని మా ఆయన సామర్లకోటలో రైలు దిగాడు. బండి కదిలింది. ఆయన పళ్ళబండి కాడే నిలబడి మాకు చెయ్యి ఊపాడు. చేతిలో పళ్ళు కూడా లేవు. ఆయన చెల్లెలు హైమ నా ఒళ్ళో ఉంది, ఏడేళ్ళది. అన్నయ్యేడి అంటే వెనక పెట్లో ఉన్నాడని చెప్పాను. అలా చెప్పేటప్పుడు మొహం కదిలితే పిల్ల నమ్మదు కదా. అదే అలవాటైపోయింది.”

రుక్సానా కొబ్బరిచిప్పంత పెట్టె ఒకటి తయారుచేసింది. మంగతాయారు ఎడమ మణికట్టు మీద ఒక పట్టీ, నడుముకు ఆ పెట్టె. ఆమెలో ఉన్నది ఎంతో ఆ పెట్టె క్షణక్షణం సెల్ టవరుకు పంపితే, టవరు జిల్లాలోని మీటర్లన్నిటికీ పంపుతుంది. జిల్లాలో ఎవరు వేలు పొడుచుకుని షుగరు చూసుకున్నా, వాళ్ళ రక్తంలోంచి మంగతాయారును తీసివేయగా మిగిలింది ఎంతో అదే అంకెగా కనపడుతుంది. లెక్క చక్కగా కుదిరింది. వంటచేస్తూ, బస్సులో నిలబడి, నిద్రపోతూ కూడా ఆమె విధి నిర్వహణలోనే ఉండేది.

రిఫరెన్స్ గుండా కరెంటు పోనివ్వకూడదన్నది ఈ శాస్త్రంలో మొదటి నియమం. పోతే అది పాడైపోతుంది. కాబట్టి మంగతాయారుకు ఎవరూ తమ కష్టాలు చెప్పుకోరాదని నోటీసు అంటించారు. అంతకుముందు కేంద్రంలోని వాళ్ళందరూ సీసాలు కడిగే తొట్టి దగ్గరకు వచ్చి చెప్పుకునేవారు. ఇప్పుడు తొట్టి పక్క గోడకు చెప్పుకోవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం భోజనాల వేళ గోడ ముందు వరుస పెద్దదైంది. ఒకరి కష్టం ఇంకొకరు వినేస్తున్నారని గోడకు అడ్డంగా ఒక తెర కట్టించారు.

అంతా సవ్యంగా నడుస్తుండగా హైమకు అమలాపురం సంబంధం కుదిరింది. పిల్లవాడికి మోటారు వైండింగ్ షాపుంది. కట్నం వద్దన్నారు, పిల్ల నచ్చిందన్నారు. చిక్కల్లా అప్పగింతల దగ్గరే వచ్చింది.

“నువ్వు ఏడవాలొదినా,” అంది హైమ, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ.

“ఏడవకూడదంటమ్మా. జిల్లా అంతా తేడా వచ్చేత్తదంట.”

“ఆడపిల్లని పంపేటప్పుడు ఎవరూ ఏడవకపోతే వదిలించుకున్నారనుకోరా వాళ్ళు?”

“అనుకోనీ. మన సంగతి మనకి తెలీదా?”

హైమ ఇంకో చిక్కుడుకాయ ఈనె తీసింది. “నాకూ తెలవాలి కదొదినా,” అంది. “అన్నయ్య పోయినప్పుడు నువ్వు ఏడవలేదు. నేను పోతే కూడా ఏడవకపోతే, ఆయనా నేనూ నీకు ఒకటే అనుకుంటాను.”

మర్నాడు మంగతాయారు ఈ సంగతి డైరెక్టరుకు విన్నవించుకుంది. శేషఫణి మంచివాడు. ఆయన వెంటనే సమావేశం పెట్టి, మంగతాయారు తరఫున ఏడవడానికి భుజంగరావును డ్యూటీ మీద పంపుతున్నట్టు ఉత్తర్వు ఇచ్చాడు. రానుపోను ఛార్జీలు కేంద్రానివే.

“ఆయనెవరొదినా నాకు?” అంది హైమ.

“మంచాయనమ్మా. బాగా ఏడుత్తాడు.”

పెళ్ళి కాకినాడలోనే ఒక కళ్యాణమండపంలో జరిగింది. భుజంగరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి బుద్ధిగా ముందు వరుసలో కూర్చున్నాడు. కానీ ఏడుపు అలవాటున్నవాడు కనుక ఆగలేక జీలకర్ర బెల్లం దగ్గరే మొదలుపెట్టేశాడు. మగపెళ్ళివారు ఆయనే పెళ్ళికూతురి తండ్రి కాబోలనుకుని పక్కకు తీసుకెళ్ళి సోడా పట్టించారు. “ఊరుకోండి బావగారూ, మా ఇంట్లో మాత్రం మనుషుల్లేరా ఏంటి?” అని వియ్యంకుడు వీపు నిమిరాడు. దానితో భుజంగరావు ఆవు సంగతి కూడా చెప్పేశాడు. అప్పగింతల వేళకు ఆయన దగ్గర ఒక్క చుక్క మిగల్లేదు. ఆవలిస్తూ కూర్చున్నాడు.

పళ్ళెంలో పాలు పోసి తెచ్చారు. హైమ పాలలో చేతులు ముంచి, అత్తగారి చేతుల్లో, మామగారి చేతుల్లో, ఆడపడుచుల చేతుల్లో అద్దింది. అందరూ అయ్యాక వదిన దగ్గరకు వచ్చింది. పాల తడి ఆరని చేత్తో మంగతాయారు ఎడమ మణికట్టు పట్టుకుంది. సరిగ్గా పట్టీ మీద.

“వెళ్ళొత్తానొదినా.”

అలాగేనమ్మా అనబోయింది మంగతాయారు. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత కళ్ళలోంచి నీళ్ళు వచ్చాయి. ఏడుపు మొదలుపెట్టడం ఎలాగో తెలిసినా ఆపడం ఎలాగో తెలియనిదానిలా ఆమె ఏడ్చింది. వాయించడం మానేసి సన్నాయి ఆయన కూడా చూస్తూ నిలబడ్డాడు. హైమ మొహం విప్పారింది. పెళ్ళి మొత్తంలో ఆ పిల్ల నిండుగా నవ్వింది అప్పుడే.

మంగతాయారు లోపల ఎంత పెరిగితే బయట అందరికీ అంత తగ్గినట్టు కనపడుతుంది. తీసివేత లెక్క అంటే అంతే. భోజనాల హాల్లో బొబ్బట్టు తినాలా వద్దా అని వేలు పొడుచుకుని చూసుకున్న ఒక పెద్దాయనకు షుగరు మామూలుగా ఉన్నట్టు వచ్చింది. ఆయన పక్కాయనకూ అలాగే వచ్చింది. వార్త పాకింది. పిఠాపురంలో, తునిలో, పెద్దాపురంలో జనం మీటర్లు చూసుకుని మిఠాయి కొట్లకు నడిచారు. ఏళ్ళ తరబడి చప్పటి టీ తాగినవాళ్ళు గ్లాసులో చక్కెర వేసుకుని, చెంచాతో తిప్పుతూ ఆ చప్పుడు వింటూ కూర్చున్నారు. ఊళ్ళో కాజాలు అయిపోయాయి. మర్నాడు ఆస్పత్రుల్లో చేరినవారి గురించి వేరే కమిటీ వేశారు. దాని నివేదిక ఇంకా రావలసి ఉంది.

కేంద్రంలో విచారణ జరిగింది. రుక్సానాను పిలిచారు.

“ఆమె ఏడ్చింది సార్. నేను పెళ్ళిలోనే ఉన్నాను, చూశాను,” అంది రుక్సానా.

“దేనితో చూశావు?” అన్నాడు శేషఫణి.

“కళ్ళతో.”

“కళ్ళను చివరిసారి ఎప్పుడు సరిచూయించావు?”

శేషఫణి కోప్పడలేదు. కుర్చీ చూపించి ఓపికగా వివరించాడు. మంగతాయారు ఏడ్చిందో లేదో తేల్చాలంటే ఆమెను దేనితోనైనా పోల్చి చూడాలి. పోల్చడానికి పెట్టుకున్నదే ఆమెను. ఆమె సున్నా. సున్నా ఏడవదు. కనుక ఆ సాయంత్రం మారినది జిల్లా. జిల్లా ప్రజల ఆరోగ్యం హఠాత్తుగా మెరుగుపడిందని, అది కేంద్రం కృషి వల్లనేనని నివేదికలో రాశారు. పేపర్లలో కూడా వచ్చింది. ఆ వారమే థర్మోకోల్ పెట్టెలో కొత్త ఎలక్ట్రోడ్ దిగింది. మంగతాయారు పక్కన పెట్టి చూస్తే అది చాలా తేడా చూపించింది. నాసిరకమని తిప్పి పంపేశారు.

“అంటే నేను ఏడవలేదన్నమాటేనా అమ్మా?” అని మంగతాయారు రుక్సానాను అడిగింది.

“అలాగే తేల్చారక్కా.”

“పోనీలే. మీకేం మాట రాలేదు కదా?”

అమలాపురంలో హైమ అత్తగారు ఆ పేపరు చదివింది. “మీ వదిన అసలు చలించలేదంట. గొప్ప మనిషి,” అని మెచ్చుకుంది. హైమ గదిలోకి వెళ్ళి వదినకు ఫోన్ చేసింది.

“నువ్వు ఏడ్చావు కదొదినా? నా చేతి మీద పడ్డాయి. వేడిగా ఉన్నాయి.”

మంగతాయారు చేతిలో గాజు సీసా ఉంది. నడుముకు పెట్టె ఉంది. అవునని చెప్పడానికి ఆ సాయంత్రాన్ని మళ్ళీ తలుచుకోవాలి. తలుచుకుంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. కిందటిసారి ఆస్పత్రిలో చేరినవాళ్ళలో ఎదురింటి ముసలాయన కూడా ఉన్నాడు.

“నాకేం అవలేదమ్మా,” అంది. “నువ్వు బాగున్నావా?”

“బాగున్నానొదినా. నాకూ ఏం అవలేదు,” అంది హైమ.

తర్వాత మిగతా జిల్లాలకు కూడా మంగతాయారులాంటివాళ్ళు కావాలని ప్రకటన వచ్చింది. దొరకడం కష్టమని శేషఫణి భయపడ్డాడు. ప్రకటన వచ్చిన మర్నాడు పొద్దున గేటు నుంచి రోడ్డు మలుపు దాకా వరుస కట్టారు. వచ్చినవాళ్ళందరూ ఆడవాళ్ళే. ఎవరూ తమంతట తాము రాలేదు. ఇంట్లోవాళ్ళు తీసుకొచ్చారు.

“మా ఆవిడండి. ఏమన్నా పట్టించుకోదండి,” అన్నాడొకాయన. “కావాలంటే మీరే ఒక మాట అని చూడండి.”

“మా అమ్మకసలు ఏమీ అనిపించదు సార్,” అన్నాడింకొకాయన. “చిన్నప్పట్నుంచీ చూత్తన్నాను.”

“అదేం గొప్ప. మా అక్క నాన్న పోయిన రోజు పదిమందికి వండిపెట్టింది,” అన్నాడు వెనకాయన.

ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాలు తెచ్చుకున్నారు. వరుసలోనే ఒకరికొకరు పచ్చడి వేసుకుంటూ, ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. వాళ్ళలో హైమ కూడా ఉంది. అత్తగారు పక్కనే నిలబడి ఉంది.

“మా కోడలండి,” అంది అత్తగారు ముచ్చటగా. “పెళ్ళయిందగ్గర్నుంచీ చూత్తన్నాను. పుట్టింటి ఊసెత్తి ఎరగదు. నిబ్బరం గల మనిషి.”

పద్ధతి ప్రకారం కొత్త అభ్యర్థిని మంగతాయారుతో పోల్చి చూడాలి. వదినా మరదళ్ళను ఎదురెదురుగా కూర్చోబెట్టి, మధ్యలో ఉప్పునీళ్ళ గిన్నె పెట్టారు. ఇద్దరూ వేళ్ళు ముంచారు. ఒకరినొకరు చూసుకున్నారు.

“చిక్కిపోయావే,” అంది మంగతాయారు.

“నువ్వూనొదినా,” అంది హైమ.

రుక్సానా ముల్లు చూసింది. ఇద్దరి మధ్యా తేడా సున్నా. వెంట్రుకవాసి కూడా లేదు. తర్వాత తలెత్తి వాళ్ళిద్దరి కళ్ళు చూసింది. మళ్ళీ ముల్లు చూసింది. సున్నా దగ్గరే ఉంది. శేషఫణి చప్పట్లు కొట్టాడు. అంత కచ్చితమైన జత తన సర్వీసులో చూడలేదన్నాడు.

కోనసీమ జిల్లాకు హైమను అక్కడికక్కడే ఖాయం చేశారు. మణికట్టుకు పట్టీ అంటించి నడుముకు పెట్టె కట్టారు. జిల్లాకొకరే ఉండాలి కనుక చీకటి పడకముందే ఆమె అమలాపురం చేరుకోవాలి. మంగతాయారు బస్టాండు దాకా వచ్చి, కిటికీ పక్క సీటు పట్టి, మంచినీళ్ళ సీసా అందించి కిందికి దిగింది. బస్సు కదిలింది. ఇద్దరి మొహాల్లోనూ ఏమీ లేదు.

ఆ సాయంత్రం రెండు జిల్లాల్లోనూ అందరికీ షుగరు తగ్గినట్టు వచ్చింది. జనం స్వీట్లు కొనుక్కుని ఇళ్ళకు వెళ్ళారు.